వంటింటి దేవుళ్లు: రోమన్ల రోజువారీ మతం ఎలా నడిచింది

రోమన్ మతం అనగానే కాపిటోలిన్ కొండ మీది జూపిటర్ గుడి, పాలరాతి స్తంభాలు, ఎద్దు మెడ మీద పడే గొడ్డలి గుర్తొస్తాయి. ఇవన్నీ నిజమే. కానీ అవి రాజ్యం చేసే పూజలు. కాన్సుళ్లు, సేనాపతులు, పురోహిత మండళ్లు చూసుకునే వ్యవహారం. రొట్టెలు కాల్చేవాడికి, బట్టలు ఉతికేవాడికి, ఎవరింట్లోనో పొయ్యి రాజేసే బానిసకు దేవుడితో రోజూ పని పడేది అక్కడ కాదు, ఇంట్లో. అదీ ఎక్కువగా వంటింట్లో. రోమన్ల మతాన్ని గుడి వైపు నుంచి చదివితే దేవతల పేర్లు, పురాణకథలు మిగులుతాయి. పొయ్యి వైపు నుంచి చదివితే ఆ సమాజం ఎలా నడిచిందో తెలుస్తుంది: ఎవరు ఎవరి మనిషి, ఎవరు ఎవరికి బాకీ, దేవుడికి మాట ఇచ్చాక దాన్ని ఎలా తీర్చాలి.

దీనికి సాక్ష్యం కావాలంటే పాంపేయిని మించిన చోటు లేదు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన ఈ ఊళ్లోని ఇంటి పూజాస్థలాలకు 1937లో వేసిన జాబితాలోనే దాదాపు 500 ఉన్నాయి. కొన్ని గోడలో చిన్న గూళ్లు, కొన్ని బుల్లి గుడి ఆకారంలో కట్టినవి, కొన్ని సున్నపు గోడ మీద వేసిన ఉత్త బొమ్మలు. వీటిని లరారియం అంటారు. పెద్ద ఇళ్లలో హాల్లోనూ తోటలోనూ కనిపిస్తాయి కానీ వంటింట్లో ఉన్నవీ చాలానే. పాంపేయి వంటిల్లంటే ఇరుకు, చీకటి, పొగ. రాళ్లతో కట్టిన దిమ్మె మీద నిప్పులు, చాలా ఇళ్లలో ఆ దిమ్మె పక్కనే మరుగుదొడ్డి. మైల, మడి అనే లెక్కతో చూస్తే ఆశ్చర్యం కలిగించే అమరిక ఇది. రోమన్లకు మాత్రం నిప్పు ఎక్కడ ఉంటే ఇంటి దేవుడు అక్కడే.

సుటోరియా ప్రిమిజెనియా ఇల్లని ఇప్పుడు పిలుస్తున్న ఒక ఇంటి వంటగది గోడను కాస్త దగ్గరగా చూడాలి. మధ్యలో బలిపీఠం. దాని దగ్గర ఇంటి యజమాని రూపంలో జీనియస్ అనే ఆయన ప్రాణశక్తి, ఇంటి ఇల్లాలి రూపంలో జూనో అనే ఆవిడ ప్రాణశక్తి, జంట పిల్లనగ్రోవులు ఊదే వాద్యకారుడు. రెండు చివరలా అందరికంటే బాగా పెద్దగా ఇద్దరు లారెస్, ఇంటిని కాపాడే దేవతలు. వీళ్ల మధ్య వరసగా నిలబడి 13 మంది చిన్న చిన్న మనుషులు. అందరిదీ ఒకే భంగిమ, చెయ్యి ఛాతీ మీదికి వచ్చి ఉంటుంది. పక్క గోడ మీద పంది తల, పంది తొడ, సాసేజ్‌లు, ఊచకు గుచ్చిన పాముచేపలు. ఆ 13 మంది బానిసలని కొందరు, ఇంటిల్లిపాదీ అని కొందరు పండితులు చెబుతారు. ఏదైనా సరే, ఆ గదిలో రోజంతా పనిచేసినవాళ్లు తలెత్తితే కనిపించేది తమలాంటి వాళ్ల వరసే. వాళ్లు చేయవలసిన పనీ, నిలబడవలసిన చోటూ ఆ గోడ మీదే గీసి ఉన్నాయి.

ఇంటి దేవతల్లో లారెస్‌ది మొదటి స్థానం. పొట్టి అంగీ వేసుకుని, చేతిలో కొమ్ము ఆకారపు పానపాత్ర ఎత్తి, నాట్యం చేస్తున్నట్టు ఉండే ఇద్దరు కుర్రవాళ్లు. ఇంటినీ ఇంట్లోవాళ్లనూ కాపాడేది వీళ్లే. పెనాతెస్ తిండిగింజలుండే కొట్టుగదిని చూసుకునేవాళ్లు. ఇక కింద పాము. చాలా లరారియంలలో ఒకటో రెండో పాములు బలిపీఠం మీది గుడ్ల వైపో, దేవదారు కాయల వైపో పాకుతూ ఉంటాయి. మంచి చేసే పాము, ఆ స్థలాన్ని కాసే పాము. ధనవంతులైన వెట్టిల ఇంట్లో ఈ బొమ్మ ఎంతో అందంగా మిగిలింది: నడుమ తల మీద టోగా అనే రోమన్ పైవస్త్రం కప్పుకున్న జీనియస్, అటూ ఇటూ లారెస్, కింద పొడుగాటి పాము. అదీ అతిథులు తిరిగే ముందుగదుల్లో లేదు, వంటింటికి దారితీసే పనివాళ్ల వసారా పక్కనే ఉంది.

దేవుడి గూడు ఉన్న ఇంట్లో పెరిగిన తెలుగువాళ్లకు ఇదంతా తెలిసినట్టే అనిపిస్తుంది. ఆ పోలిక కొంతదూరమే వస్తుంది. లరారియం మధ్యలో ఉన్న జీనియస్ ఏ పురాణ దేవుడూ కాదు. బతికి ఉన్న ఇంటి యజమానికి పుట్టుకతో వచ్చిన ప్రాణశక్తి. అంటే ఆ ఇంట్లో బానిస ధూపం వేసేది తనను కొనుక్కున్న మనిషి జీనియస్‌కు. యజమాని పుట్టినరోజు ఆ జీనియస్‌కు పండగ. బానిసత్వం నుంచి బయటపడ్డాక కూడా ఈ బంధం తెగేది కాదు. ఎపిడియస్ రూఫస్ ఇంట్లోని లరారియం మీద, మన మార్కస్ జీనియస్‌కూ లారెస్‌కూ ఇద్దరు డయాడుమేనస్‌లు దీన్ని సమర్పించారని చెక్కి ఉంది. ఇద్దరూ విడుదలైన బానిసలే. స్వేచ్ఛ దొరికినవాళ్లు పాత యజమాని ఇంట్లో, సొంత డబ్బుతో, ఆయన ప్రాణశక్తికి గూడు కట్టించారు. అందులో కృతజ్ఞత ఎంత, లెక్క ఎంత అని విడదీయడం కష్టం. కానీ అధికారం రోజువారీ భక్తిలో ఎంత మెత్తగా కలిసిపోయిందో దీనికన్నా బాగా చూపే శాసనం అరుదు.

క్రీ.పూ. 2వ శతాబ్దంలో కేటో అనే సెనేటర్ పొలం నడపడం ఎలాగో రాస్తూ ఈ సంగతిని ఏ మొహమాటమూ లేకుండా చెప్పాడు. పొలం చూసుకునే మేనేజర్ భార్య, ఆమె కూడా బానిసే, రోజూ రాత్రి పడుకునేముందు పొయ్యి చుట్టూ శుభ్రంగా ఊడవాలి. నెలలో కాలెండ్స్, నోన్స్, ఈడ్స్ అనే మూడు రోజుల్లోనూ పండగ రోజుల్లోనూ పొయ్యి మీద పూలదండ వేలాడదీసి, ఇంటి లార్‌కు (లారెస్‌లో ఒకరిని లార్ అంటారు) శక్తికొద్దీ మొక్కుకోవాలి. అంతవరకే. తనంతట తాను పూజలు పెట్టుకోకూడదు, ఇంకొకరితో చేయించకూడదు, ఇంటందరి తరఫునా పూజ చేసేవాడు యజమానే అని ఆమెకు తెలిసి ఉండాలి. చాకిరీ ఆమెది, హక్కు ఆయనది. ఏళ్ల తరబడి ఆ దండ కట్టిన చేతుల పేరు ఎక్కడా రాసి లేదు.

ఈ దేవతలు తిండిలో, పెళ్లిలో, చావులో అన్నిటా ఉండేవాళ్లు. రాత్రి భోజనం మధ్యలో లారెస్ వాటాగా కొంచెం ఆహారం నిప్పులో వేసేవారు. ముద్ద కింద పడితే ఊడ్చి పారేయకుండా బల్ల మీద పెట్టి, తర్వాత లార్ ముందు కాల్చడం పరిహారమని క్రీ.శ. 1వ శతాబ్దపు రచయిత పెద్ద ప్లినీ రాశాడు. మగపిల్లవాడు పెద్దవాడయ్యాక చిన్నప్పటి నుంచి మెడలో వేసుకున్న బుల్లా అనే తాయెత్తు తీసి లారెస్‌కు ఇచ్చేసేవాడు. కొత్త కోడలు మూడు నాణేలతో అత్తింటికి వచ్చేది. చేతిలోది భర్తకు, చెప్పులోది పొయ్యి దగ్గరి లారెస్‌కు, సంచిలోది ఆ వీధి కూడలి లారెస్‌కు. పెళ్లితో ఆమె మనిషి మారడమే కాదు, దేవతల చిరునామా కూడా మారేది. భర్తకు, ఇంటికి, వీధికి విడివిడిగా కట్టవలసింది కట్టి లోపలికి వచ్చేది.

చనిపోయినవాళ్లకూ లెక్క ఉంది. ఫిబ్రవరి 13 నుంచి 21 వరకు పేరెంటాలియా. ఊరి బయట రోడ్డు పక్కనున్న సమాధుల దగ్గరికి వెళ్లి దండలు, గింజలు, చిటికెడు ఉప్పు, ద్రాక్షసారాలో నానిన రొట్టె పెట్టేవారు. మర్నాడు 22న బతికున్న బంధువులంతా కలిసి భోంచేసేవారు, కుటుంబంలో తగాదాలుంటే ఆ రోజు సర్దుకోవాలని ఆనవాయితీ. మేలో లెమూరియా మాత్రం ఇంత ప్రశాంతమైనది కాదు. 9, 11, 13 తేదీల అర్ధరాత్రి ఇంటి పెద్ద చెప్పుల్లేకుండా లేచి, చేతులు కడుక్కుని, నల్ల చిక్కుళ్లు వెనక్కి విసురుతూ, వీటితో నన్నూ నావాళ్లనూ విడిపించుకుంటున్నానని తొమ్మిదిసార్లు అనేవాడు. వెనక్కి తిరిగి చూడకూడదు. ఆ గింజలను ప్రేతాలు ఏరుకుంటాయని నమ్మకం. తర్వాత కంచు మోగించి, పితరులారా వెళ్లిపొండని మళ్లీ తొమ్మిదిసార్లు. ఇదంతా ఓవిడ్ కవి పూసగుచ్చినట్టు వర్ణించాడు. ఆ మాటల్లో గమనించవలసింది విడిపించుకోవడం. గింజలు అక్కడ నైవేద్యం కాదు, విడుదల సొమ్ము.

వీధి కూడళ్లలోనూ లారెస్ ఉండేవాళ్లు. చలికాలంలో వచ్చే కాంపిటాలియా పండగ ముందు రాత్రి ఇంట్లో ఒక్కో స్వతంత్రుడికి ఒక్కో ఉన్ని బొమ్మ, ఒక్కో బానిసకు ఒక్కో ఉన్ని ఉండ కట్టి వేలాడదీసేవారు. మనుషుల బదులు వాటిని తీసుకుని బతికున్నవాళ్లను వదిలేయమని అడగడం. బానిసకు వచ్చింది కాళ్లూ చేతులూ ముఖమూ లేని ఉండ. అయినా లెక్కలో అతనికీ ఒకటి ఉంది. రోమన్ సమాజం బానిసను ఎంత లోపలికి రానిచ్చిందో, ఎక్కడ ఆపిందో ఈ చిన్న ఆచారంలోనే తెలిసిపోతుంది.

కూడలి పూజల బలం తొలి రోమన్ చక్రవర్తి ఆగస్టస్‌కు బాగా అర్థమైంది. క్రీ.పూ. 7లో ఆయన రోమ్‌ను 14 ప్రాంతాలుగా, వాటిని వాడలుగా విడగొట్టి, వాడ వాడకూ పూజ చూసుకునే పెద్దలను ఏర్పాటు చేశాడు. ఈ పెద్దల్లో చాలామంది విడుదలైన బానిసలే. పెద్ద ప్లినీ కాలానికి ఇలాంటి కూడళ్లు 265. అక్కడి లారెస్ ఇప్పుడు ఆగస్టస్ లారెస్ అయ్యారు, పక్కన చక్రవర్తి జీనియస్ చేరింది. ఇంట్లో యజమాని జీనియస్‌కు చెయ్యి అలవాటైన మనిషికి వీధిలో చక్రవర్తి జీనియస్ కొత్తగా అనిపించదు. నగరం మొత్తాన్ని ఒక ఇల్లుగా, తనను ఆ ఇంటి యజమానిగా మార్చుకోవడానికి ఆయనకు కొత్త మతం అక్కర్లేకపోయింది.

ఈ మతం నడిచిన సూత్రం మొక్కు. నువ్వు ఇది చేస్తే నేను అది ఇస్తాను అని ముందే చెప్పి, పని జరిగాక ఇవ్వడం. ఇచ్చిన తర్వాత రాయి మీద నాలుగు అక్షరాలు, వి.ఎస్.ఎల్.ఎం. మొక్కుకున్నది సంతోషంగా, తగినట్టుగా తీర్చాను అని. బ్రిటన్ నుంచి డాన్యూబ్ తీరం దాకా ఈ నాలుగు అక్షరాల రాళ్లు కుప్పలుగా దొరికాయి. ఒక రకంగా అది బాకీ చెల్లించిన రసీదు. రాజ్యం కూడా ఇంతే. క్రీ.పూ. 217లో కార్తేజ్ సేనాపతి హానిబాల్ చేతిలో ట్రాసిమీన్ సరస్సు దగ్గర ఘోరంగా ఓడాక రోమ్ పెద్ద మొక్కు మొక్కింది. అయిదేళ్లు రాజ్యం క్షేమంగా ఉంటే ఒక వసంతంలో పుట్టిన పందులు, గొర్రెలు, మేకలు, పశువులన్నీ జూపిటర్‌కు బలి. ఈ మొక్కును ప్రజలు ఓటు వేసి ఆమోదించాల్సి వచ్చింది. అందులోని షరతులను చరిత్రకారుడు లివీ నమోదు చేశాడు. బలి ఎవరు ఎప్పుడు ఏ పద్ధతిలో చేసినా చెల్లుతుంది. బలికి ముందే జంతువు చస్తే అది పాపం కింద రాదు. ఎవడైనా దొంగిలిస్తే ప్రజల మీద దోషం లేదు. తెలియక చెడ్డరోజున బలి ఇచ్చినా సరిగ్గా ఇచ్చినట్టే. ఒప్పందపత్రం ఎలా రాయాలో తెలిసినవాళ్లు రాసిన మొక్కు ఇది. తీర్చడానికి క్రీ.పూ. 195 వరకు పట్టింది. అది సరిగ్గా జరగలేదని ప్రధాన పూజారి తేల్చడంతో మర్నాటి ఏడు మళ్లీ చేశారు.

దీన్ని చూసి రోమన్లకు భక్తి లేదు, బేరమే ఉందని చాలామంది తేల్చేశారు. అది తొందరపాటు. మాట నిలబెట్టుకోవడాన్నే వాళ్లు భక్తి అనుకున్నారు. అందుకే పద్ధతిలో పొరపాటంటే అంత టెన్షన్. పెద్ద పూజల్లో మంత్రం తప్పు పోకుండా ఒకరు చూసి చదివి వినిపించేవారు, మరొకరు కనిపెట్టి ఉండేవారు, ఇతర శబ్దాలు చెవిన పడకుండా పిల్లనగ్రోవి ఊదేవారు. నీ మనసులో ఏముందని ఎవరూ అడిగేవారు కాదు. చేశావా, సరిగ్గా చేశావా అనేదే ప్రశ్న.

సామాన్యుడి చేతిలో ఈ ఒప్పంద భాష ఎలా పనిచేసిందో ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో దొరికిన సీసపు రేకులు, దేవతకు ఫిర్యాదు గీసి నీళ్లలో వేసినవి, చెబుతాయి. అక్కడి వేడినీటి బుగ్గలో సులిస్ మినర్వా దేవత ఉంటుందని నమ్మకం. 1979, 1980లలో తవ్వకాలు జరిగినప్పుడు బయటపడ్డవాటితో కలిపి ఇలాంటి రేకులు సుమారు 130. చాలావరకు దొంగతనాల గురించే. స్నానశాలలో బట్టలు విప్పి పెట్టి నీళ్లలోకి దిగితే పైకి వచ్చేసరికి అవి మాయం. కావలి పెట్టుకోవడానికి బానిస లేనివాడి సొమ్మే ముందు పోయేది. డొకిమెడిస్ అనేవాడికి రెండు చేతి తొడుగులు పోయాయి. దొంగకు మతి, కళ్లు రెండూ పోవాలని అడిగాడు. సొలినస్ అనేవాడికి స్నానపు అంగీ, పైబట్ట పోయాయి. ఆడో మగో, బానిసో స్వతంత్రుడో, తీసినవాడు వాటిని గుడికి తెచ్చి ఇచ్చేదాకా నిద్రా ఆరోగ్యమూ ఉండకూడదన్నాడు.

ఈ రేకుల్లో ఉన్న ఉపాయం తెలివైనది. పోయిన వస్తువును ముందు దేవతకు దానం రాసిస్తారు. ఆ క్షణం నుంచి దొంగ దగ్గర ఉన్నది పేదవాడి అంగీ కాదు, దేవత సొత్తు. ఇక వసూలు చేసుకునే పని ఆవిడది. ఆడో మగో, బానిసో స్వతంత్రుడో అనే జాబితా కూడా కోర్టు భాష నుంచి తెచ్చుకున్నదే, దొంగ ఏ సందులోంచీ తప్పించుకోకుండా. అన్నియానస్ అనేవాడి సంచిలోంచి ఆరు వెండి నాణేలు పోతే, ఆ జాబితాకు పాత మతంవాడో క్రైస్తవుడో అని ఇంకో ముక్క తగిలించి, అనుమానం ఉన్న 18 మంది పేర్లు రాశాడు. కాలం మారుతోందని ఆ ముక్క చెబుతుంది. మేజిస్ట్రేట్ దాకా వెళ్లే స్తోమత లేనివాడికి, రెండు చేతి తొడుగుల కోసం ఎవరూ కేసు వినని చోట, ఈ రేకే ఫిర్యాదు. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేస్తే ఆ మనిషి కష్టమే కనబడకుండా పోతుంది.

బయటి దేవతలకు ఈ పద్ధతిలో తలుపు తెరిచే ఉండేది. పాంపేయిలో బంగారు మన్మథుల ఇల్లని పిలిచే చోట రెండు లరారియంలున్నాయి. ఒకదాంట్లో జూపిటర్, జూనో, మినర్వా, లారెస్. తోట మూల మీది రెండో దాని గోడ నిండా ఐసిస్, సెరాపిస్, అనుబిస్, హార్పోక్రాటిస్, అందరూ ఈజిప్టు దేవతలే. క్రీ.శ. 62 భూకంపంలో కూలిన ఐసిస్ గుడిని తిరిగి కట్టించినట్టు శాసనంలో ఉన్న పేరు న్యుమేరియస్ పొపిడియస్ సెల్సినస్ అనే ఆరేళ్ల పిల్లాడిది. ఆ వయసులో గుడి కట్టించాడంటే డబ్బు తండ్రిదే. తండ్రి విడుదలైన బానిస, చట్టప్రకారం పట్టణ సభలో ఎప్పటికీ కూర్చోలేడు. కొడుకు స్వతంత్రుడుగా పుట్టాడు. గుడి పూర్తయ్యాక సభ ఆ పిల్లవాడిని రుసుము లేకుండా సభ్యుడిగా చేర్చుకుంది. తండ్రికి మూసిన తలుపు ఐసిస్ పేరున కొడుక్కి తెరుచుకుంది.

అదే ఊళ్లో 1938లో ఒక ఇంట్లో పాతిక సెంటీమీటర్ల లోపు ఎత్తున్న భారతీయ దంతపు స్త్రీ బొమ్మ దొరికింది. దాన్ని లక్ష్మి అని పిలుస్తూ వస్తున్నారు, యక్షిణి అనడం ఎక్కువ సబబు. శాతవాహనుల కాలపు దక్కన్ దంతపు పనితనంతో దానికి దగ్గర పోలికలున్నాయి. పేరు చూసి పాంపేయిలో లక్ష్మీపూజ జరిగిందని ఊహించడం మాత్రం సరికాదు. తల నుంచి కిందికి తొలిచిన రంధ్రం ఉంది కాబట్టి ఏదో సామానుకు కాలుగానో పిడిగానో వాడి ఉంటారు. ఈజిప్టు దేవతలు పూజారులతో, భక్తులతో కలిసి వచ్చారు. ఈ బొమ్మ ఓడలో సరుకుగా వచ్చింది.

ఇంత తెరిచిన తలుపు క్రైస్తవుల దగ్గర ఎందుకు ఇరుక్కుంది? వాళ్లు ఇంకో దేవుణ్ణి తెచ్చినందుకు కాదు, మిగతా దేవుళ్లకు చెల్లించడం మానేసినందుకు. క్రీ.శ. 112 ప్రాంతంలో నల్లసముద్రపు తీరంలో గవర్నరుగా ఉన్న చిన్న ప్లినీ (పెద్ద ప్లినీ మేనల్లుడు), నిందితులకు పెట్టిన పరీక్ష చాలా తేలికైనది: చక్రవర్తి బొమ్మకు కాస్త ధూపం, కాస్త ద్రాక్షసారా సమర్పించి క్రీస్తును దూషించాలి. చేసినవాళ్లను వదిలేశాడు. చేయనివాళ్లకు ఆ చిటికెడు ధూపమే ప్రాణాల మీదికి వచ్చింది.

పరిస్థితి తిరగబడటానికి మూడు వందల ఏళ్లు పట్టలేదు. క్రీ.శ. 392 నవంబర్ 8న థియోడోసియస్ చక్రవర్తి పేరుతో వచ్చిన చట్టం ఇంటిలోపలికి వెళ్లింది. లార్‌ను నిప్పుతో, జీనియస్‌ను ద్రాక్షసారాతో, పెనాతెస్‌ను సుగంధంతో కొలవకూడదు. దీపం వెలిగించకూడదు, ధూపం వేయకూడదు, దండ వేలాడదీయకూడదు. ఇంటి దేవుళ్లకు చేసే పనులన్నీ, కేటో చెప్పిన దండతో సహా, వరసగా, ఈసారి నేరాల పట్టికలో. శిక్ష కూడా ఆలోచించి పెట్టినదే. ధూపం వేసిన ఇల్లే జప్తు. పరాయివాడి ఇంట్లో వాడికి తెలియకుండా చేసి ఉంటే పాతిక పౌండ్ల బంగారం జరిమానా. గుడిని మూయడానికి ఒక ఉత్తర్వు, కొందరు సైనికులు చాలు. గుడికి ఖజానా ఉంటుంది, పూజారి ఉంటాడు, తాళం ఉంటుంది. వంటింటి దేవుడికి ఇవేవీ లేవు కాబట్టి ఇంటినే లాక్కుంటామని బెదిరించాల్సి వచ్చింది. అయినా ఆ తర్వాత కూడా రోమ్ నగరంలో ఇళ్లలోనూ అద్దె భవనాల్లోనూ కాపుదేవత తుటెలా బొమ్మ ముందు దీపాలు పెడుతున్నారని క్రైస్తవ పండితుడు జెరోమ్ కోపంగా రాశాడు.